ఆగనిది ఎవరి కళ?

కరోనా కాలంలో కళ ఆగలేదు అనే మాట సాహిత్య సభల్లో ఇప్పటికీ వినిపిస్తోంది. జూమ్‌లో కథాపఠనాలు జరిగాయి. ఫేస్‌బుక్ లైవ్‌లో కవి సమ్మేళనాలు జరిగాయి. కాలేజీలు పోటీలు పడి వెబినార్లు పెట్టాయి, హాజరైన వాళ్ళందరికీ ఈ-సర్టిఫికెట్లు పంచాయి. ఇల్లు దాటలేని స్త్రీలకు వీటివల్ల మేలు జరగలేదని అనను. సభకు వెళ్తానంటే ఇంట్లో నాలుగు ప్రశ్నలు ఎదుర్కోవలసిన వాళ్ళు, పొయ్యి మీద కూర పెట్టి ఒక చెవితో చర్చ విన్నారు, కొందరు మొదటిసారి మాట్లాడారు కూడా. నా అభ్యంతరం అక్కడి నుంచి 'కళ ఆగలేదు' అనే తీర్మానానికి గెంతడం మీద. రాసేవాళ్ళ కళ ఆగలేదు. నెల తిరిగేసరికి జీతం పడేవాళ్ళ కళ ఆగలేదు. రాత్రి రంగు వేసుకుని తెల్లవారుజామున కడుక్కుని, ఆ డబ్బుతో ఇల్లు నడిపే ఆడవాళ్ళ కళ మాత్రం ఆగింది.

తెనాలి సంగతే తీసుకుందాం. లక్షన్నర దాటిన జనాభా, ఆంధ్రా ప్యారిస్ అనే ముద్దుపేరు, నాటకం పేరు చెబితే ఒళ్ళు మరిచే ప్రేక్షకులు. శ్రీరామ విలాస సభ నడిచిన ఊరు అది. స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా జేజేలందుకున్నదీ ఆ సమాజంతోనే. ఆడవేషం వేసిన ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అదే సత్యభామ వేషం ఆడది వేసుకున్నాక ఆమెకు మనవాళ్ళు ఇచ్చిన పేరు 'కిరాయి నటి'. ఆ మాటలోని ఎత్తిపొడుపు పక్కన పెడితే అందులో ఒక ఆర్థిక సత్యం ఉంది. కరోనా దాన్ని నగ్నంగా చూపించింది.

పరిషత్తు పోటీలకు వచ్చే నాటక సమాజాలను గమనించండి. సభ్యుల్లో ఎక్కువమంది మగవాళ్ళు: బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, కరెంటాఫీసు వాళ్ళు. సాయంత్రాలు రిహార్సలు వేసుకుంటారు, చేతి డబ్బు పెట్టుకుంటారు, బహుమతి వస్తే పొంగిపోతారు. వాళ్ళకది ప్రాణప్రదమైన వ్యసనం, కాదనను. ఆ బృందంలో డబ్బు తీసుకుని వేషం వేసే మనిషి తరచుగా ఒక్కరే, ఆడమనిషి. ఒకే పోటీలో మూడు సమాజాలకు మూడు వేషాలు వేస్తుంది. ఏ సమాజంలోనూ సభ్యురాలు కాదు. తిరునాళ్ళలో తెల్లవార్లూ ఆడే పద్యనాటకాల్లో కాంట్రాక్టరు మాటే రాతకోతలు. కనుక 2020లో నాటకాలు నిలిచిపోయినప్పుడు మగ నటుడికి వ్యాపకం పోయింది, నటికి కూలి పోయింది. ఈ ఇద్దరినీ కలిపి 'కళాకారుల కష్టాలు' అని శీర్షిక పెట్టిన వ్యాసాలు చాలా చదివాను. ఆ బహువచనం ఆమెను మింగేసింది.

ఆగిన రోజులు కూడా ఎలాంటివి? నాటకాల సీజను శివరాత్రితో అందుకుని, ఉగాది, శ్రీరామనవమి మీదుగా ఎండాకాలపు జాతరల దాకా సాగుతుంది. తక్కిన ఏడాదంతా ఆ నాలుగు నెలల సంపాదన మీదే గడవాలి. 2020లో దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన మార్చి 25, సరిగ్గా ఉగాది. మరుసటి ఏడాది ఉగాది ఏప్రిల్ 13న, సెకండ్ వేవ్ నెత్తిమీదికి వచ్చాక. మే 5 నుంచి రాష్ట్రంలో పగటి కర్ఫ్యూ. అంటే వరసగా రెండు పంటలు చేతికి రాలేదు. ఈ లెక్క రైతు విషయంలో మనకు వెంటనే అర్థమవుతుంది. నటి విషయంలో విడమరచి చెప్పాల్సి వస్తోంది.

ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. జన్‌ధన్ ఖాతా ఉన్న స్త్రీకి నెలకు 500 రూపాయలు, మూడు నెలలు. తెల్లకార్డు మీద ఒకసారి వెయ్యి. పేదరాలిగా ఇచ్చింది, పనిపోయిన కళాకారిణిగా కాదు. 2020 సెప్టెంబరు 21 నుంచి వంద మందికి మించకుండా సాంస్కృతిక కార్యక్రమాలు జరుపుకోవచ్చన్నారు, ఆరుబయలు రంగస్థలాలకూ అనుమతిచ్చారు. టిక్కెట్టు, గేటు లేని తిరునాళ్ళ నాటకానికి వంద మందిని లెక్కపెట్టేదెవరు? 2021 మార్చి 10న మునిసిపల్ ఎన్నికలు మాత్రం జరిగాయి. ప్రచారానికి తిరిగిన గుంపుల్లో ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. జబ్బు నిజం, జాగ్రత్తా అవసరమే. ఏ గుంపు అత్యవసరం, ఏ గుంపు అనవసరం అన్న నిర్ణయం మాత్రం వైద్యులు చేసింది కాదు.

ఆ రోజుల్లో ఒక నటి మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళింది. చంద్రమతి వేషానికి పేరున్న మనిషి. ఆమె బాధ చేతుల మంట గురించి కాదు, వయసు గురించి. ముప్ఫై ఎనిమిదేళ్ళప్పుడు ఆగింది, నలభైలో మళ్ళీ పిలిచారు, తల్లి వేషానికి. అరవై దాటిన కృష్ణుడు రాయబారానికి వెళ్తూనే ఉంటాడు, ఒకటో కృష్ణుడిగా కాకపోతే రెండో కృష్ణుడిగా. కాబట్టి రెండేళ్ళంటే ఇద్దరికీ రెండేళ్ళే కాదు.

ఇక చింతామణి. తెరలు మళ్ళీ లేస్తాయనుకుంటున్న 2022 జనవరిలో, శివరాత్రి ఆరు వారాల దూరంలో ఉండగా, కాళ్ళకూరి నారాయణరావు రాసిన ఆ నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను అవమానిస్తోందన్న ఆర్యవైశ్యుల ఫిర్యాదు మీద. ఒక కులాన్ని నవ్వులపాలు చేస్తూ దశాబ్దాలుగా చేర్చుకుంటూ వచ్చిన బూతు మాటలను నేను సమర్థించను. వేశ్య పశ్చాత్తాపపడితే లోకం బాగుపడుతుందనే ఆ నాటకపు నీతి మీద మనకున్న తగువు ఇంకా పెద్దది. కానీ తగువు పడాలంటే నాటకం ఉండాలి. పైగా ఆ చర్చలో కులసంఘాలు మాట్లాడాయి, రాజకీయ నాయకులు మాట్లాడారు, భావప్రకటనా స్వేచ్ఛ గురించి రచయితలు మాట్లాడారు. చింతామణి వేషం వేసే ఆడవాళ్ళ మాట ఎక్కడో చివర, 'ఉపాధి కోల్పోయారు' అనే ఒక్క వాక్యంలో వచ్చింది. ప్రేక్షకుల్లోంచి వచ్చే కేకలకు వేదిక మీద నిలబడి జవాబు చెప్పినవాళ్ళు వాళ్ళు. ఏ మాట కాళ్ళకూరిదో, ఏ మాట ఏ కాంట్రాక్టరు ఒత్తిడితో చేరిందో వాళ్ళకు తెలిసినంతగా మన పిహెచ్‌డీలకు తెలియదు. నాదీ అందులోదే.

'కరోనా - స్త్రీల అనుభవాలు' అనే పేరుతో సంకలనాలు, ప్రత్యేక సంచికలు ఇకముందు కూడా వస్తాయి. మన వంటిళ్ళ గురించీ ఆన్‌లైన్ క్లాసుల గురించీ రాయగలిగిన వాళ్ళం మనం రాసుకున్నాం. రంగస్థల నటుల కోసం వెళ్ళేవాళ్ళు సీజను లేని వర్షాకాలంలో వెళ్ళాలి, ఫోన్లో పది నిమిషాలు కాదు, కూర్చుని రెండు పూటలు వినాలి. ఆ రెండు పూటలకూ ఆమెకు ఒక రాత్రి నాటకానికి ఎంత ఇస్తారో అంతా ఇచ్చి వినాలి.