పూలు చల్లిన చేతులారా, వినండి!

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో పోలీసుల మీద పూలు చల్లారే, మీతోనే నా మాట. అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని కాల్చేస్తే న్యాయం జరిగిపోయిందని ఊగిపోయారు. చంపాలనే కాల్చారని 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చినప్పుడు మాత్రం మీ గొంతులు మూగబోయాయి!

ఆ కాల్పులు జరిగిన ఎనిమిది రోజులకే, డిసెంబరు 14న, తెనాలిలో ఒక సమాధి తవ్వారు. ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థినికి పన్నెండేళ్ల తర్వాత మళ్లీ పోస్టుమార్టం. దోషి అంటూ పట్టుకొచ్చిన కుర్రాడు ఎనిమిదేళ్లు జైల్లో మగ్గాక, 2017లో హైకోర్టు నిర్దోషి అంది. సరే, అసలు హంతకుడెవడు? సీబీఐ వెతకబోతే, విజయవాడ కోర్టులో భద్రంగా ఉండాల్సిన ఆధారాలే ధ్వంసమయ్యాయని బయటపడింది. అప్పుడు ఏ కూడలిలో ధర్నా చేశారు మీరు?

ఆధారాలు దాచడం ఎందుకంటారా? డీఎన్‌ఏ మొదట కాపాడింది ఒక అమాయకుణ్ణి. 1986లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ దగ్గర పదిహేడేళ్ల కుర్రాడు తానే చంపానని ఒప్పుకుంటే, శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ చేసిన డీఎన్‌ఏ పరీక్ష కాదంది. అసలు హంతకుడు 1988లో జైలుకెళ్లాడు. మీ తుపాకీ న్యాయమైతే ఆ కుర్రాడు అప్పటికే శవం!

ఆ విద్య మనకు లేనిదా? శాస్త్రవేత్త లాల్జీ సింగ్ హైదరాబాద్‌ సీసీఎంబీలోనే సొంత పద్ధతి తయారుచేశాడు. డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ మన కళ్లముందే ఉంది. ఢిల్లీ న్యాయ విద్యార్థిని హత్య కేసులో 1999లో కింది కోర్టు డీఎన్‌ఏ నివేదికను పక్కన పడేసినా, ఆ సాక్ష్యం చెక్కుచెదరలేదు కనుకనే 2006లో హైకోర్టు శిక్ష వేయగలిగింది. సాక్ష్యం అలా నిలవాలంటే నెత్తుటి బట్టను ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. తడిగా ప్లాస్టిక్ సంచిలో కుక్కితే బూజు పట్టి డీఎన్‌ఏ చెడిపోతుంది. ఇంత చిన్న పని చేయని వ్యవస్థను వదిలేసి, తూటాకు జేజేలు కొడతారా?

ఈసారి మీ ఊళ్లో ఘోరం జరిగితే స్టేషన్ ముందు నిలబడి ఎస్సైని నిలదీయండి: నమూనా ఎవరు తీశారు, ఎప్పుడు సీలు వేశారు, ల్యాబుకు ఏ రోజు పంపారు, మిగిలింది ఏ బీరువాలో ఉంది? అడిగే దమ్ము లేదా? అయితే బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుమ్మం ముందుకు కొవ్వొత్తులు పట్టుకుని రాకండి.