గేటు వచ్చింది, నడక రాలేదు

పెంపుడు కుక్కను కట్టేసి ఉంచి బయట తిప్పకపోవడం మన దేశంలో నేరం. ఏలూరు పవర్‌పేటలోనో, తాడేపల్లిగూడెం కాలనీల్లోనో కుక్కలు పెంచేవాళ్ల చెవిన ఈ మాట వేస్తే నమ్మేవాళ్లు తక్కువే. కానీ 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. కొట్టడం, మోయలేని బరువు మోయించడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం వంటి నేరాలను ఏకరువు పెట్టిన 11వ సెక్షన్లోనే మరో రెండున్నాయి. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో జంతువును గంటల తరబడి కట్టి ఉంచడం ఒకటి. ఎప్పుడూ గొలుసుకో ఇరుకు గదికో పరిమితమైన కుక్కను దాని యజమాని తగినంతగా తిప్పకపోవడం రెండోది.

శిక్ష చూస్తే మాత్రం నవ్వొస్తుంది. మొదటిసారికి పది రూపాయలకు తగ్గకుండా యాభై రూపాయలకు మించకుండా జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే పాతిక నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా ఇది పోలీసులు నేరుగా కేసు కట్టి అరెస్టు చేయగల నేరాల జాబితాలో లేదు. ఫిర్యాదు కోర్టుకెక్కాలన్నా తప్పు జరిగిన మూడు నెలల్లోపే ఎక్కాలి. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పెట్టిన ప్రైవేటు బిల్లు పుణ్యమా అని ప్రభుత్వంలో కదలిక వచ్చి పుట్టిన చట్టమిది. ఆ రోజుల్లో యాభై రూపాయలంటే ఒక లెక్క. ఇవాళ దాంతో ఇద్దరు కడుపునిండా టిఫిను చేయడం కూడా కష్టం. జరిమానాలు పెంచుతూ 2022 నవంబరులో కేంద్రం ముసాయిదా సవరణ బిల్లును ప్రజల ముందుంచింది గానీ అది చట్టం కాలేదు.

జరిమానా పెంచినంత మాత్రాన ఈ జబ్బు కుదురుతుందా అన్నది అసలు ప్రశ్న. ఎందుకంటే గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో కుక్కను తిప్పకపోవడం వెనుక చాలా ఇళ్లలో దుర్మార్గమేమీ లేదు. పాత అలవాటు కొత్త ఇంట్లోకి వచ్చి చిక్కుకుంది, అంతే.

ఈ ఊళ్లలో కుక్కను వాకింగ్‌కు తీసుకెళ్లే ఆచారం ఎన్నడూ లేదు. ఉండాల్సిన అవసరమూ రాలేదు. ఊరి కుక్క ఏదో ఒక ఇంటి వాకిట్లో చివరి ముద్ద తిని, పొద్దున పొలం గట్ల మీద రైతు వెంట నడిచి, మధ్యాహ్నం గడ్డివాము నీడన పడుకుని, రాత్రి వీధంతా తన సొత్తే అన్నట్టు కాపలా కాసేది. ‘కుక్కకు పనిలేదు, కూర్చోను తీరికలేదు’ అన్న సామెత అలాంటి కుక్కను చూసినవాళ్ల నోట పుట్టిందే. దాని తిరుగుడు దానిదే కాబట్టి మనిషి పట్టించుకోవాల్సిన పని ఉండేది కాదు.

తర్వాత పెంకుటిళ్లు పోయి డాబాలు, డాబాలు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. ప్రహరీ లేచింది, ఇనుప గేటు పడింది. వీధికుక్క స్థానంలో డబ్బు పోసి కొన్న జాతికుక్క వచ్చింది. దాన్ని వీధిలోకి వదిలితే దొంగలెత్తుకుపోతారని భయం, బండి కింద పడుతుందని బెంగ. వెల పెట్టి కొన్నది గనుక అది ఇంట్లోనే ఉండాలి. స్వేచ్ఛగా తిరిగే రోజుల్లో కుక్క తనంతట తాను చేసుకున్న పనిని గేటు వేసిన రోజు నుంచి ఎవరో ఒకరు చేయాల్సి ఉంది. గేటు వేసినవాళ్లు ఆ పని తమ మీద పడిందని గమనించలేదు.

ఫలితం సెల్లార్లలో కనిపిస్తుంది. స్తంభానికి గొలుసు, పక్కన స్టీలు గిన్నె, అందులో ఎండిపోయిన పెరుగన్నం. కుక్క లేచి రెండడుగులు వేస్తే టైల్స్ మీద గోళ్లు టకటకమంటాయి. రోజూ మట్టి మీదా రోడ్డు మీదా నడిచే కుక్కకు గోళ్లు వాటంతటవే అరుగుతాయి. నడక లేనిదానికి కొక్కేల్లా వంకర తిరిగి, ఒక్కోసారి మెత్తటి పాదంలోకే దిగబడతాయి. ముందుకాళ్ల మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి, నల్లగా మొద్దుబారిన చర్మం ఉంటుంది. గట్టి నేల మీద రోజంతా పడుకున్న బరువైన కుక్కకు మిగిలే గుర్తు అది. పశువుల డాక్టరుకు ఈ రెండూ చూస్తే చాలు, కుక్క దినచర్య చెప్పేయగలడు.

ఇలాంటి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది లాబ్రడార్. ఆ జాతి మూలం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం. అక్కడి జాలరుల దగ్గర చల్లటి నీళ్లలోకి దూకి వలలు లాగడానికీ, జారిపోయిన చేపల్ని పట్టి తేవడానికీ పనికొచ్చిన కుక్కల సంతతి ఇది. చేపల చెరువుల ఆదాయంతో కట్టిన మేడలో ఈ చేపల కుక్కకు నీళ్ల వాసన కూడా తగలదు. పైగా తిండిపోతు. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2016లో ప్రకటించిన పరిశోధన ప్రకారం లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ‘పీవోఎంసీ’ అనే జన్యువులో చిన్న లోపం ఉంది. దానివల్ల ఎంత తిన్నా ఆకలి తీరినట్టు వాటికి తెలియదు. అడిగినప్పుడల్లా బిస్కెట్టు వేయడం ప్రేమనుకునే ఇంట్లో, నడక లేకుండా, ఆ లోపమూ తోడైతే ఒళ్లు రాక ఏమవుతుంది? అమెరికాలో 48 లాబ్రడార్లను కుక్కపిల్లలుగా ఉన్నప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తిండి పాతిక శాతం తగ్గించి సన్నగా ఉంచినవి మిగతావాటికంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి.

మరి ఈ లాబ్రడార్‌ను ఎవరు కొన్నారు? డెల్టాలో చాలా ఇళ్ల కథ ఒకటే. ఇంటర్ చదివే కొడుకో కూతురో పట్టుబట్టి కుక్కపిల్లను తెప్పించారు. మొదటి ఆరు నెలలూ ఫొటోలు, పుట్టినరోజు కేకులు. తర్వాత చదువుకు హైదరాబాదు, ఉద్యోగానికి బెంగళూరు, ఆపైన అమెరికా. కుక్క మాత్రం అరవై దాటిన తల్లిదండ్రుల దగ్గర మిగిలింది. ముప్పై కిలోల లాబ్రడార్ పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజితే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ రోడ్డు మీద పడాల్సిందే. ఆవిడ తిప్పడం మానేస్తుంది. వాచ్‌మన్‌కు నెలకింతని ఇస్తే ఉదయం అయిదు నిమిషాలు కరెంటు స్తంభం దాకా తీసుకెళ్లి తెస్తాడు. అది కాలకృత్యం తీర్చడమే తప్ప నడక కాదు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు అరవై లక్షల దాకా ఉంటే కుక్కకు ఇరవై, ముప్పై కోట్లుంటాయని అంచనా. అది చెట్టు మొదలు దగ్గర ఆగి వాసన చూస్తుంటే మనకు కాలక్షేపంలా కనిపిస్తుంది. దానికది పేపరు చదవడం. వాచ్‌మన్ గొలుసు గుంజుతాడు.

తిప్పకపోవడానికి యజమానులు చెప్పే కారణాల్లో నిజాలూ ఉన్నాయి. పామేరియన్‌ను తీసుకుని గేటు దాటితే అయిదారు వీధికుక్కలు చుట్టుముడతాయి. ఫుట్‌పాత్ ఉన్నచోట బడ్డీకొట్టు ఉంటుంది, లేనిచోట బైకులుంటాయి. మే నెలలో ఎండ మండిపోతే తారురోడ్డు మీద పాదాలు బొబ్బలెక్కుతాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ చల్లబడాలి. కొల్లేటి గాలిలోని ఉక్కలో ఆ రొప్పు కూడా సరిగా పనిచేయదు. ఇక లిఫ్టులోకి కుక్కను ఎక్కనివ్వబోమని అపార్టుమెంటు సంఘాలు బోర్డులు పెడతాయి. అలా అడ్డుకోవడం తగదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అయితే కుక్క చేసిన మలినాన్ని ఎత్తే అలవాటు యజమానులకు లేనంతకాలం ఇరుగుపొరుగు నోళ్లు మూతపడవు.

ఈ ఇబ్బందులన్నీ కలిసి చేసేదేమిటంటే, ఇంటి కుక్క వీధికి పూర్తిగా కొత్తదవుతుంది. కుక్కపిల్ల మూడో వారం నుంచి మూడు నెలలు దాటేదాకా చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, ఎదురైన జంతువులే దాని లోకంలో మామూలు సంగతులవుతాయి. ఆ వయసంతా వరండాలో గడిపినదానికి స్కూలు యూనిఫాం వేసుకున్న పిల్ల, హెల్మెట్ పెట్టుకున్న కొరియర్ కుర్రాడు, గొడుగు పట్టిన ముసలాయన అందరూ శత్రువులే. అమెరికాలోని డెన్వర్‌లో కరిచిన కుక్కల్నీ కరవని కుక్కల్నీ పోల్చిన పరిశోధన 1994లో అచ్చయింది. పెరట్లో కట్టేసి ఉంచినవి కరిచినవాటిలో ఉండే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువని అది తేల్చింది. కాపలాకని కట్టేసిన గొలుసు ఏదో ఒకనాడు తెగుతుంది. ఆ రోజు గేటు ముందు ఎవరుంటే వాళ్లదే దురదృష్టం.

వీధికుక్కల మీద దేశమంతా వాదులాడుకుంటోంది. ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఆదేశించి, ఆగస్టు 22న దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటికి ఆపరేషను చేసి, టీకాలు వేసి, పట్టిన చోటే వదలమంది. ఆ చర్చలో గేటు లోపలి కుక్క ప్రస్తావన వచ్చింది తక్కువ. పెంచలేక వదిలేసిన జాతికుక్క రేపటి వీధికుక్కే అని మున్సిపాలిటీలకు తెలియని సంగతేం కాదు.

కొల్లేటి వైపు వెళ్తే దృశ్యం ఇంకోలా ఉంటుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కి, 2006లో ప్రభుత్వం చేపట్టిన కూల్చివేతల్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించుకుని, మళ్లీ గట్లు లేచిన సరస్సు ఇది. కైకలూరు, మండవల్లి, ఆకివీడు చుట్టూ కనుచూపు మేర చెరువులే. రాత్రి పూట చేపలు పట్టుకుపోకుండా గట్టు మలుపులో కాపలా గుడిసె, దాని పక్కన కుక్క. గొలుసు ఎంత దూరం సాగుతుందో అంత మేర గడ్డి అరిగి గుండ్రటి మట్టి చదును పడి ఉంటుంది. దాని అవతల జిల్లాలోకెల్లా మంచి వాకింగ్ ట్రాక్ ఉంది. బండ్ల రద్దీ లేదు, తారు లేదు, కిలోమీటర్ల కొద్దీ మట్టి గట్టు, చల్లటి గాలి. కుక్క దాన్ని చూస్తూ కూర్చుంటుంది.

కాపలా లెక్కన చూసినా ఇది దండగ. పాతిక ఎకరాల చెరువుకు ఒక మూలన కట్టిన కుక్క ఆ మూలకే కాపలా. నాలుగో గట్టు మీద వల పడినా అది మొరగడం తప్ప చేయగలిగింది లేదు. అదే మొరుగుడు నక్కకూ, దారిన పోయే సైకిలుకూ కూడా. కొన్నాళ్లకు గుడిసెలో మనిషి దాని అరుపును లెక్కచేయడం మానేస్తాడు. కాపలాదారు రాత్రి గస్తీకి దాన్ని తాడుతో వెంట తీసుకుని గట్టంతా ఒక చుట్టు తిరిగితే కుక్కకు నడకా, చెరువుకు కాపలా రెండూ అమరుతాయి. విడిచిపెట్టకుండా తాడుతోనే అనడానికి కారణం ఉంది. కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టే ప్రాంతంలో వదిలేసిన కుక్క పక్షిపిల్లల పాలిట యముడు.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న. తిప్పకపోతే శిక్ష ‘యజమాని’కి. గట్టు మీద కుక్కకు యజమానెవరు? చెరువు ఒకరిది, లీజు ఇంకొకరిది, కాపలా కూలీది. లీజు మారితే మనుషులు మారతారు, కుక్క అదే మేకుకు అదే గొలుసుతో కొత్తవాళ్లకు సంక్రమిస్తుంది. జంతువు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లూ ఈ చట్టం దృష్టిలో యజమానులే. అదే చట్టంలోని 3వ సెక్షన్ కూడా ముఖ్యం. జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్లే దాని బాగోగులు చూడాలని అది బాధ్యత పెట్టింది.

బయటి దేశాల్లోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. ఇటలీలోని టూరిన్ నగరం 2005లో కుక్కను రోజుకు మూడుసార్లు బయటకు తీసుకెళ్లకపోతే 500 యూరోల దాకా జరిమానా అని ప్రకటించింది. రోజుకు రెండుసార్లు, మొత్తం గంట తిప్పాలన్న నిబంధనను 2020లో జర్మనీ మంత్రి ప్రతిపాదిస్తే, ప్రతి ఇంటి ముందూ పోలీసును కాపలా పెడతారా అని అక్కడివాళ్లే ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిలో న్యాయముంది. నడకను లెక్కపెట్టే ఇన్‌స్పెక్టరు ఎక్కడా ఉండడు. చేయగలిగింది నడవడానికి చోటు చూపించడం, కొనేముందు ఆలోచింపజేయడం.

చోటు విషయానికొస్తే హైదరాబాదు కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో ఎకరం పైచిలుకు స్థలంలో కుక్కల పార్కు తెరిచింది. ఏలూరుకు అంత ఖర్చు అక్కర్లేదు. తమ్మిలేరు గట్టు మీద, కాలువ ఒడ్డున తెల్లవారుజామున ఒక గంట కుక్కలు తిప్పుకునే వీలు కల్పించి, నాలుగు చెత్తడబ్బాలు పెట్టి, ఆ దారిలోని వీధికుక్కలకు ముందుగా ఆపరేషన్లూ టీకాలూ పూర్తిచేస్తే సగం సాకులు పోతాయి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో వేసిన రన్‌వే పరిసరాలూ ఇలాంటి ఏర్పాటుకు పనికొస్తాయి. షుగరుకు మందు మింగుతూ డాక్టరు చెప్పిన నడకకు బద్ధకించే మనిషికీ ఇది లాభమే. లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల వ్యాయామం పూర్తిచేసే అవకాశం కుక్కలున్నవాళ్లకు లేనివాళ్లకంటే నాలుగు రెట్లుందని తేలింది.

కొనడం దగ్గర చేయాల్సింది ఇంకా తేలిక. ప్రతి జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఉండాలని 2001 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంఘం, మున్సిపాలిటీ, పశుసంవర్ధక శాఖ కలిసి కుక్కల నమోదు పత్రంలో టీకా వివరాల కింద మరో గడి చేర్చవచ్చు: రోజూ దీన్ని బయటకు తిప్పేది ఎవరు, ఏ వేళకు? పిల్ల కుక్కను ఇంటికి తెస్తున్న ఇంటర్ కుర్రాడి తండ్రి ఆ గడి నింపే ముందు కొడుకు ఈఏపీసెట్ ర్యాంకు గురించి కూడా ఆలోచించుకోవాల్సి వస్తుంది.