ఆసు ముందర టీవీ

మన సమావేశాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఆడవాళ్ళు సీరియళ్ళు వదిలి మీటింగులకు రారు." ఈ మాట నేనూ అన్నాను. అనడంతో ఆగకుండా ఫారం మీద రాశాను కూడా.

కొన్నేళ్ళ కిందట పోచంపల్లిలో చేనేత కుటుంబాల దినచర్య గురించి సర్వే చేశాను. హైదరాబాదు నుంచి బస్సులో పోయి వచ్చేంత దగ్గరే అయినా నేనక్కడ పరాయిదాన్నే. మగ్గం చప్పుడూ టీవీ చప్పుడూ కలిసి పొద్దంతా మోగే ఇళ్ళు నాకు కొత్త. ఒక మధ్యాహ్నం ఒకావిడ ఆసు పోస్తోంది. ఎదురుగా సీరియల్ నడుస్తోంది. రోజూ ఎంతసేపు టీవీ పెడతారని అడిగి, 'మూడు గంటలు' అని విశ్రాంతి, వినోదం గడిలో రాసుకున్నాను. ఏం రాశావని అడిగింది. చదివి వినిపించాను.

"నేనెక్కడ సూస్తున్న మేడం? ఇంటున్న. కండ్లు ఆసు మీదుండాలె గద. ఒక్క పోగు తప్పితే డిజైన్ మొత్తం కరాబైతది."

ఆసు సంగతి తెలియని పాఠకులకు చెప్పాలి. ఇక్కత్ నేతలో పేక నూలుకు ముడులు కట్టి రంగు అద్దే ముందు, అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడుతుంది. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఎందరో స్త్రీల భుజాలను కాపాడింది. ఆ పనికి కూలి ఎవరి చేతికి రావాలన్నది యంత్రం తేల్చే విషయం కాదు.

ఆ తర్వాత నేను ఫారం పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాను. ఆవిడ సీరియల్‌ని చెవులతోనే నడిపిస్తోంది. సంగీతం హోరెత్తితే తలెత్తుతుంది, అత్త మొహం ఒకసారి చూసి మళ్ళీ పోగు మీదికి దిగుతుంది. ఒకే మొహాన్ని మూడుసార్లు చూపిస్తారని మనం ఎగతాళి చేస్తాం కదా, ఆలస్యంగా తలెత్తే మనిషికి ఆ మూడోసారే అందుతుంది. (ఆ సీరియళ్ళు కోడళ్ళకు నేర్పే పాఠాల మీద నా కోపం అలాగే ఉంది, అది వేరే వ్యాసం.) వాళ్ళ కూతురు ఫోన్లో కొరియా సీరియళ్ళు చూస్తుంది, అదీ తెలుగులో మాట్లాడేవే. "కింద రాతలు సదువుకుంట కండెలెట్ల సుట్టాలె?" అంది.

సాయంత్రం భర్త మగ్గం దిగాడు. కంచం అందుకుని, రిమోట్ తీసుకుని వార్తలు పెట్టాడు. గంటసేపు కళ్ళూ చెవులూ చేతులూ అన్నీ ఆయనవే. 1986లో డేవిడ్ మోర్లే దక్షిణ లండన్‌లోని పద్దెనిమిది కుటుంబాల గురించి రాసిన పుస్తకంలోనూ రిమోట్ మగవాళ్ళ చేతిలోనే ఉంది, ఆడవాళ్ళు ఏదో పని చేస్తూనే చూశారు. నా ఫారంలో మాత్రం ఆయన గంటా, ఆవిడ మూడు గంటలూ ఒకే గడిలో పడ్డాయి.

ఇది నా ఒక్కదాని పొరపాటైతే రాసేదాన్ని కాదు. జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆ పనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని 2019 జాతీయ కాల వినియోగ సర్వే చెప్పింది. ఆ అంకెలు మనం ప్రతి కరపత్రంలో వాడతాం, వాడాలి కూడా. కానీ ఆసు వంట కాదు, అంట్లు కాదు. అమ్మకానికి పోయే చీరలో సగం ప్రాణం. దాన్ని 'ఇంట్లో సాయం' అని రాయడం ఎంత తేలికో, పక్కన టీవీ మోగుతుంటే 'వినోదం' అని రాయడం అంతకన్నా తేలిక.

ఆ గడిలో రాసింది కొట్టేసి 'ఆసు, మూడు గంటలు' అని పని గడిలో రాశాను. పక్క గడి కూలి. ఎంతొస్తుందని అడిగాను.

"నాకెవరిస్తరు మేడం? చీర పైసలు ఆయనకే ఇస్తరు" అని, టీవీ సౌండు కొంచెం పెంచమంది. తన చేతులు ఖాళీగా లేవు.