కార్డు చేతికిచ్చి చేతులు దులుపుకుంటే

మాజీ సైనికుల వైద్యం గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకటే వాదన వినిపిస్తుంది. వాళ్లకేం తక్కువ, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల కాంట్రిబ్యూటరీ ఆరోగ్య పథకం) కార్డుంది, కార్పొరేట్ ఆసుపత్రిలో చూపిస్తే రూపాయి ఖర్చు లేకుండా గుండె ఆపరేషన్ దాకా అయిపోతుంది కదా అని. కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. పథకం సొంతంగా నడిపే ఈ పాలీక్లినిక్‌లూ, అక్కడ రాసిచ్చే రిఫరల్ చీటీలూ దేనికి, తలా ఒక ఇన్సూరెన్సు పాలసీ కట్టేసి నచ్చిన ఆసుపత్రికి వెళ్లమంటే పోతుంది కదా అంటారు. ఈ మాట అనేవాళ్లు మాజీ సైనికుల్లోనూ ఉన్నారు. నేను ఈ వాదనను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. ఈ పథకానికి ప్రాణం పాలీక్లినిక్. దాన్ని ఎండబెట్టి, పథకం కింద వైద్యం చేసే ప్రైవేటు ఆసుపత్రుల జాబితాను పెంచుకుంటూ పోవడం వల్లే సైనికుడికి అన్యాయం జరుగుతోంది.

ముందు ఆ 'రూపాయి ఖర్చు లేకుండా' సంగతి చూద్దాం. 2003 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలయ్యేదాకా పెన్షన్ తీసుకునే సైనికుడికి మిలటరీ ఆసుపత్రే దిక్కు. అక్కడా సర్వీసులో ఉన్నవాళ్లకు చూడగా ఖాళీ ఉంటేనే. ఈసీహెచ్‌ఎస్ వచ్చాక ఆ పరిస్థితి మారింది, కాదనను. కానీ ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రిటైరయ్యేటప్పుడు సిపాయి నుంచి హవల్దారు దాకా 30 వేలు, జూనియర్ కమిషన్డ్ అధికారులు (జేసీఓలు) 67 వేలు, అధికారులు లక్షా 20 వేలు కట్టి చేరుతున్నారు. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవాళ్లకూ, 1996కు ముందు రిటైరైనవాళ్లకూ మాత్రం ఆ చందా లేదు. పదిహేను, పదిహేడేళ్లు సరిహద్దులో గడిపినవాడు తన డబ్బు తాను కట్టి తీసుకున్న హక్కు ఇది.

ఇక అసలు విషయం. సిపాయి రిటైరయ్యేది అరవై ఏళ్లకు కాదు. చాలామంది ముప్ఫై అయిదు, నలభై ఏళ్లకే పెట్టె సర్దుకుని ఊరికొస్తారు. ఆ తర్వాత ఇంకో ముప్ఫై, నలభై ఏళ్లు ఆ మనిషినీ, ఆయన భార్యనూ ఈ పథకం చూసుకోవాలి. అన్నేళ్లలో ఆయనకు గుండె ఆపరేషన్ జరిగితే ఒక్కసారి జరుగుతుంది, అసలు జరగకపోవచ్చు. బీపీ మాత్ర మాత్రం రోజూ వేసుకోవాలి. షుగరు నెలనెలా చూపించుకోవాలి. బరువులు మోసి కొండలెక్కిన మోకాళ్లు, ఫిరంగి మోతకు దెబ్బతిన్న చెవులు, నడుం నొప్పి, నిద్ర పట్టని రాత్రులు, ఇవన్నీ ఆపరేషన్ థియేటర్‌లో తేలేవి కావు. ఊరికి అందే దూరంలో తన కేసు తెలిసిన ఒక డాక్టరూ, ఆగకుండా మందులూ ఉండాలి. ఇప్పుడు కొరవడింది సరిగ్గా అదే.

మా పెదనాన్న ఆర్టిలరీలో హవల్దారుగా చేసి వచ్చారు. ఎడమ చెవి దాదాపు వినపడదు, పైగా బీపీ, షుగరు. ఒకసారి ఆయనకు తోడుగా పాలీక్లినిక్‌కు వెళ్లాను. తెల్లారగట్ల మొదటి బస్సెక్కితే గాని టోకెన్ ముందు దొరకదు. లోపలికి పిలిచేసరికి కుర్చీలో కొత్త డాక్టరు. పాతాయన కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయారట. "ఏం మందులు వాడుతున్నారు సార్?" అని ఆ డాక్టరు గట్టిగా రెండుసార్లు అడిగితే, పెదనాన్న సంచిలోంచి ఖాళీ మాత్రల షీట్లు తీసి బల్ల మీద వరసగా పేర్చారు. డాక్టరు ఒక్కో షీటు వెనక్కి తిప్పి పేరు చదువుకుని రాసుకున్నారు. అన్నేళ్ల వైద్య చరిత్ర ఆ బల్ల మీద అల్యూమినియం రేకుల రూపంలో ఉంది. మందుల కిటికీ దగ్గర అయిదింటిలో రెండింటికి ఎదురుగా 'ఎన్‌ఏ' అని రాసిచ్చారు, అంటే స్టాకు లేదని. "బయట కొనుక్కుని బిల్లు పెట్టండి బాబాయ్, డబ్బులొస్తాయి" అంది కిటికీలో అమ్మాయి, మర్యాదగానే. పెదనాన్న మందులు కొన్నారు గాని బిల్లు పెట్టలేదు. ఆ కాగితాలివ్వడానికి ఇంకోసారి ఆ బస్సెక్కే ఓపిక ఆయనకు లేదు.

ఇది విన్నవాళ్లు వెంటనే, చూశారా, పాలీక్లినిక్ పనికిరాదని మేం చెప్పలేదా అంటారు. పనికిరాకుండా చేసిందెవరు? ఈ క్లినిక్‌లలో డాక్టరు మొదలు ఊడ్చే మనిషి దాకా దాదాపు అందరూ ఎప్పటికప్పుడు పొడిగించుకోవాల్సిన కాంట్రాక్టు మీదే పనిచేస్తారు. వచ్చే ఏడాది తను ఉంటాడో లేదో తెలియని డాక్టరు రోగి కథను గుర్తుపెట్టుకోవాలంటే ఎలా? 2015లో కాగ్ ఈ పథకం మీద ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. మందుల కొరతనూ, ఆసుపత్రుల బిల్లుల చెల్లింపులో ఆలస్యాన్నీ అందులో ఎత్తిచూపింది. అయినా పథకం ఖర్చులో సింహభాగం ఇప్పటికీ ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులకే పోతోంది. దాదాపు 60 లక్షల మంది ఆధారపడ్డ పథకంలో పాలీక్లినిక్‌లు నాలుగు వందల పైచిలుకు, జాబితాలోని ఆసుపత్రులు మూడు వేల పైమాట. ప్రభుత్వం పెద్దగా చెప్పుకునేది ఆ రెండో అంకెనే.

ఆ జాబితా గట్టిదా అంటే అదీ కాదు. ఆసుపత్రికి చెల్లించేది సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) ధరల ప్రకారం. చాలా చికిత్సలకు 2014 నాటి ధరలే పదేళ్ల పాటు సాగాయి. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక ఎంత కోత పడుతుందో తెలియదు. కార్డు చూపించగానే కౌంటర్లో 'బెడ్లు ఖాళీ లేవండీ' అనే మాట ఎందుకొస్తుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తెలుగువాళ్లకు ఇది కొత్తా? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీని మనం చూశాం. ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, నిజమే. కానీ పెద్దాపరేషన్ల డబ్బంతా కార్పొరేట్ ఆసుపత్రులకు ప్రవహిస్తుంటే ఊళ్లో పీహెచ్‌సీ అలాగే నీరసించి మిగిలింది. బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం, మంత్రులు చర్చలు జరపడం, కొంత డబ్బు విడుదల చేయడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. ఇంటి పక్క వైద్యాన్ని వదిలేసి దూరపు ఆసుపత్రి దయ మీద బతకమంటే ఏమవుతుందో మన కళ్ల ముందే ఉంటే, అదే దారి సైనికుడికి చూపిస్తున్నాం.

ఇన్సూరెన్సు ఇంకా ప్రమాదం. మామూలు పాలసీ ఆసుపత్రిలో చేరితేనే పలుకుతుంది, రోజువారీ మాత్రలకు పలకదు. దానికొక పరిమితి ఉంటుంది, ముందు నుంచి ఉన్న జబ్బులంటే పేచీలుంటాయి, వయసుతో పాటు ప్రీమియం పెరుగుతుంది. ఈసీహెచ్‌ఎస్‌లో చికిత్స ఖర్చుకు పైపరిమితి లేదు. పాత జబ్బు, కొత్త జబ్బు అనే తేడా లేదు. పాలీక్లినిక్ బాగాలేదన్న కోపంలో ఈ రెండు హక్కులనూ వదులుకోమని చెప్పేవాళ్లు సైనికుడి మేలు కోరేవాళ్లని నేననుకోను.

అమెరికాను చూడమంటారు కొందరు. చూద్దాం, పూర్తిగా చూద్దాం. అక్కడ మాజీ సైనికుల శాఖకు సొంత ఆసుపత్రులున్నాయి, జీతాల మీద సొంత డాక్టర్లున్నారు. 1994లో ఆ వ్యవస్థ పగ్గాలు పట్టిన కెన్నెత్ కైజర్ ఆసుపత్రి పడకల్లో సగానికి పైగా తగ్గించి, ఆ బలమంతా వందల కొద్దీ చిన్న క్లినిక్‌లకు మళ్లించారు. రోగి వివరాలన్నీ కంప్యూటర్లో, ఏ ఊళ్లో ఏ డాక్టరైనా చూడగలిగేలా పెట్టారు. 2003లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, పరిశీలించిన అంశాల్లో అత్యధిక భాగంలో ప్రైవేటు డాక్టర్ల మీద నడిచే మెడికేర్ కంటే ఈ వ్యవస్థలోనే వైద్యం మెరుగ్గా ఉందని తేల్చింది. తర్వాత 2014లో ఫీనిక్స్‌లో కుంభకోణం బయటపడింది. అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్ల పేర్లు అధికారిక లెక్కల్లోకి రాకుండా దాచిపెట్టారు. శాఖాధిపతి ఎరిక్ షిన్సెకీ రాజీనామా చేయాల్సి వచ్చింది. డాక్టర్లను పెంచాల్సిన ఆ సమయంలో, ప్రైవేటుకు వెళ్లే దారిని వెడల్పు చేశారు. 2014 చట్టంతో మొదలై 2018 చట్టంతో అది స్థిరపడింది. అప్పటి నుంచి బయటి వైద్యానికి పోయే డబ్బు పెరుగుతూనే ఉంది, సొంత క్లినిక్‌లకు నిధులెక్కడివన్న ప్రశ్న కూడా పెరుగుతోంది. మనవాళ్లు అమెరికా నుంచి తెచ్చుకోవాలనుకుంటే కైజర్ చేసిన పనిని తెచ్చుకోవాలి.

దూరం సంగతి అధికారుల ఫైళ్లలో కనపడదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్లిన ఊరు. శ్రీకాకుళం పల్లెల నుంచీ, ప్రకాశం, అనంతపురం ప్రాంతాల నుంచీ వేలమంది వెళ్లారు, వెళ్తున్నారు. మనకున్న పెద్ద సైనిక ఆసుపత్రులేమో ఒకటి సికింద్రాబాద్ తిరుమలగిరిలో, ఇంకోటి విశాఖలో నౌకాదళానిది, ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి. జాబితాలోని కార్పొరేట్ ఆసుపత్రులు కూడా నగరాలనే అంటిపెట్టుకుని ఉంటాయి. భర్త పోయి, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే, ఫ్యామిలీ పెన్షన్ మీద ఒంటరిగా బతికే డెబ్బై అయిదేళ్ల ఆవిడ ఏ బస్సెక్కి, ఏ కౌంటర్లో నిలబడాలి? గుర్తింపు కోసం పెట్టే వేలిముద్ర పడకపోతే ఎవరిని బతిమాలుకోవాలి? మందులు ఇంటికి పంపే ఏర్పాటు ప్రతి జిల్లాలోనూ హక్కుగా ఉండాలి.

సైనికుడి ఆరోగ్యాన్ని ఒక బిల్లుగా చూడటం అలవాటైతే, తర్వాతి మెట్టు ఆ బిల్లే లేకుండా చేసుకోవడం. 2022లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకం చేసింది అదే. దాని కింద చేరి నాలుగేళ్లు పనిచేసిన అగ్నివీరుల్లో పాతిక శాతానికి మించి సైన్యంలో ఉంచుకోరు. బయటికొచ్చేవాళ్లకు సుమారు 11.71 లక్షల సేవానిధి ఇస్తారు. పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే శాతాన్ని బట్టి 15, 25, 44 లక్షల ఏకమొత్తం పరిహారం ఉంది. ఇరవై మూడేళ్ల కుర్రాడి వెన్నెముకకు యాభై ఏళ్లు వైద్యం కావాలి, ఏకమొత్తం అన్నేళ్లు రాదు. కనీసం సర్వీసులో వచ్చిన గాయానికీ, జబ్బుకూ జీవితాంతం వైద్యం అగ్నివీరుడికి కూడా దక్కాలి. ఇందులో బేరానికి చోటు లేదు.

మాజీ సైనికుల సంఘాలకు ఒక విన్నపం. మీ సమావేశానికి అధికారులో, ఎంపీనో వచ్చినప్పుడు ఫలానా ఆసుపత్రిని జాబితాలో చేర్పించండని అర్జీ పెట్టడం మీకు అలవాటైంది. ఈసారి దాన్ని పక్కన పెట్టండి. మన పాలీక్లినిక్‌లో ఎన్ని డాక్టరు పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీలున్నాయి, పోయిన నెల ఎన్ని మందులకు 'ఎన్‌ఏ' రాశారు, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం మీ చేతిలోనే ఉంది. కాంట్రాక్టు డాక్టర్ల స్థానంలో శాశ్వత డాక్టర్లను వేసేదాకా ప్రతి సమావేశంలోనూ అదే అడగండి.