దొంగ లెక్కలు

దొంగ ఎన్ని ఇళ్ళు దోచాడని అడిగి, ఎన్నిమార్లు పట్టుబడ్డాడని అడగనివాని తీర్పును ఎవరైనా తీర్పు అంటారా? బేస్‌బాల్ క్రీడలో బేస్‌లు దొంగిలించే వీరులను కొనియాడే మహానుభావులలో చాలామంది చేస్తూ వచ్చిన పని ఇదే. "లూ బ్రాక్ 938, టిమ్ రెయిన్స్ 808, కనుక బ్రాక్ గొప్పవాడు." ఇదీ వారి వాదం. దీన్ని తర్కమనడానికి నాకు మనసొప్పదు.

ఆ ఆట ఎరుగని మిత్రుల కోసం నాలుగు మాటలు. పిచ్చర్ బంతి విసిరే అదను చూసి, బ్యాటు పట్టినవాని సాయం లేకుండానే, ఒక బేస్ మీది ఆటగాడు తరువాతి బేస్‌కు ఉరుకుతాడు. క్యాచర్ విసిరిన బంతి ముందే చేరి, దానితో అతణ్ణి తాకారా, అవుట్. మన క్రికెట్‌లో రనౌట్ అయితే పది వికెట్లలో ఒకటి పోతుంది. ఇక్కడ ఇన్నింగ్సుకు ఉన్నవే మూడు అవుట్లు. అందులో ఒకటి పోవడమే గాక, బేస్ మీద కుదురుకున్న మనిషీ పోతాడు. అందుచేత దొంగతనం ఫలిస్తే జట్టుకు కలిగే లాభం సుమారు 0.2 పరుగు, పట్టుబడితే కలిగే నష్టం సుమారు 0.4 పరుగు అని గణకులు లెక్క తేల్చారు. కాలాన్నిబట్టి అంకెలు కొంత మారతాయి గాని, నష్టం లాభానికి రెట్టింపు అన్నది స్థూలంగా నిలిచే మాట. అంటే మూడుసార్లు ఉరికి రెండుసార్లు గెలిచినవాడు జట్టుకు చేసిన మేలు గుండుసున్న!

ఇక ఖాతాలు విప్పుదాం. బ్రాక్ 938 దొంగిలించి 307 మార్లు దొరికాడు. లాభం 187.6, నష్టం 122.8, మిగులు ఇంచుమించు 65 పరుగులు. రెయిన్స్ 808 దొంగిలించి 146 మార్లే దొరికాడు. లాభం 161.6, నష్టం 58.4, మిగులు 103. నూట ముప్ఫై బేస్‌లు తక్కువ దొంగిలించినవాడు ముప్ఫైఎనిమిది పరుగులు ఎక్కువ సంపాదించిపెట్టాడు! అయినా బ్రాక్ 1985లో తొలి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. రెయిన్స్ 2008 నుండి గుమ్మంలో నిలబడి, పదవదీ చివరిదీ అయిన అవకాశంలో 2017లో గాని లోపలికి పోలేదు. బ్రాక్‌కు మూడువేలు మించిన హిట్లున్నాయి, కాదనను. నా తగాదా ఆయన పీఠంతో కాదు. దొంగల పంక్తిలో రెయిన్స్‌ను ఆయనకు దిగువన కూర్చోబెట్టడంతో.

ఒక్క సీజను లెక్కలోనూ ఇదే భ్రమ. 1982లో రికీ హెండర్సన్ దొంగిలించిన 130ని అందరూ పారాయణ చేస్తారు. ఆ ఏడు ఆయన 42 మార్లు పట్టుబడ్డాడని చెప్పేవారేరీ? మిగులు 9 పరుగులు. 1962లో మౌరీ విల్స్ 104 దొంగిలించి 13 మార్లే దొరికాడు. మిగులు దాదాపు 16.

ఇది చదివి శాతవాదులు చంకలు గుద్దుకోనక్కరలేదు. వారికి చేజ్ అట్లీ ఆదర్శం: 154 ఫలితాలు, 22 వైఫల్యాలు, 87.5 శాతం! మృచ్ఛకటికంలో శర్విలకుడు గోడకు ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందో ఆలోచించి మరీ వేస్తాడు. ఆ నేర్పు మెచ్చదగినదే. కాని అంతటి నేర్పరి ఏడాదికి ఒక్క ఇంటితో సరిపెట్టుకుంటే కూడేది ఎంత? అట్లీ మిగులు 22 పరుగులు. శాతంలో రెయిన్స్ (84.7) కంటె వెనుకబడిన హెండర్సన్ (80.8) మిగులు 147. 1979 నుండి 2003 దాకా 1,406 దొంగిలించి, 335 మార్లు దొరికిన ఆ మహానుభావుడు 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన అగ్రాసనానికి ఏ లెక్క వేసినా ఢోకా లేదు.

టై కాబ్ వంటి పూర్వుల మాట తేవడం మరీ విడ్డూరం. పట్టుబడినవి అమెరికన్ లీగ్‌లో 1920 నుండీ, నేషనల్ లీగ్‌లో 1951 నుండీ గాని క్రమంగా నమోదు కాలేదు. ఖర్చు పద్దే లేని చిట్టాతో ఎవరిని ఎవరి పక్కన నిలుపుతారు?

2023లో బేస్‌ను 15 అంగుళాల నుండి 18కి పెంచారు. రన్నర్‌ను అదిలించడానికి పిచ్చర్‌కున్న స్వేచ్ఛకూ కళ్ళెం వేశారు. మరుసటి ఏడు షోహెయ్ ఒహ్తానీ 59 దొంగిలించి నాలుగుసార్లే దొరికాడు. అది చూపి రెయిన్స్‌ను చిన్నబుచ్చాలనుకునేవారు ముందు ఆ మూడంగుళాలు తీసేసి మాట్లాడాలి.