కావలి కెమేరాలు - లైసెన్సులు

మన పట్టణములలో నేడు ఏ వీధిని నడచినను, గోడమూలలనుండియు దీపస్తంభములనుండియు దుకాణముల చూరులక్రిందనుండియు గాజుకన్నులు మనలను చూచుచున్నవి. ఒకప్పుడు బ్యాంకులలోను నగలకొట్లలోను మాత్రమే కానవచ్చిన సీ.సీ. కెమేరా ఇప్పుడు కిరాణాకొట్టునకును, కల్యాణమండపమునకును, విద్యార్థినుల వసతిగృహమునకును వచ్చినది. దీనిని మేము తప్పుపట్టుట లేదు. సొమ్ము పోగొట్టుకొన్నవాని బాధ మేమెరుగుదుము. కాని కెమేరా ఎంతదూరము చూచును, ధర యెంత యని నాలుగుకొట్లు తిరిగి విచారించు గృహస్థుడు, దానిని బిగించుటకు నిచ్చెనతో వచ్చిన మనుష్యుడెవడు, పని ముగించుకొని పోవునపుడు మన యింటి తాళపుచెవివంటిది వానిచేత మిగిలిపోవుచున్నదా అని విచారించుట లేదు. గృహస్థుడడుగని యీ ప్రశ్నను మన శాసనమును అడుగుట లేదు. అదియే మా యభియోగము.

ఈ వ్యాపారము ప్రారంభింపగోరువాడు నేడు చేయవలసినదేమి? దుకాణమును రిజిస్టరు చేయించుకొనవలెను. పురపాలకసంఘమువారు కోరిన చోట వర్తకపు లైసెన్సు తీసికొనవలెను. సేవలవలన వచ్చు రాబడి సాలునకు 20 లక్షలు దాటినచో జీ.ఎస్.టీ.లో చేరవలెను. ఇవి యన్నియు పన్నులకొరకును లెక్కలకొరకును ఏర్పడినవి. పనివాని నేర్పునుగాని నడవడినిగాని ఇందులో ఏ యొక్కటియు పరీక్షింపదు.

కావలివారి సంగతి ఇట్లు లేదు. 2005వ సంవత్సరపు ప్రైవేటు భద్రతాసంస్థల నియంత్రణచట్టము ప్రకారము లైసెన్సు లేక కావలివారిని సరఫరాచేయుట నేరము. రాష్ట్రమంతటను పనిచేయు సంస్థకు రుసుము 25,000 రూపాయలు; ఒక్క జిల్లాకైనచో 5,000. కేంద్రప్రభుత్వమువారు 2006లో ప్రకటించిన మాదిరినియమములలో కావలివానికి 100 గంటల తరగతిశిక్షణయు 60 గంటల క్షేత్రశిక్షణయు విధింపబడినవి. లాఠీ పట్టి వాకిట కూర్చుండువానికి 160 గంటల చదువు! ఇంటిలోపలి వసారాను, మెట్లను, వంటింటి త్రోవను రేయింబవళ్లు చూచు కంటిని నిలుపువానికి ఒక్క గంటయైనను అక్కరలేదు. ఆ చట్టము వ్యక్తినిగాని ఆస్తినిగాని కాపాడు పనిని గూర్చి చెప్పుచున్నది. కెమేరా బిగించి రుసుము పుచ్చుకొని పోవువాడు కాపలా కాయడు గనుక, మేము చదివినంతలో, దాని కందకయే యున్నాడు.

యంత్రము విషయమున ప్రభుత్వము కొంత మేల్కొన్నమాట నిజమే. 9-4-2024 తేదీగల ప్రకటనద్వారా కెమేరాలకు భద్రతాపరీక్షలు నిర్బంధమైనవి. 9-4-2025 నుండి అవి అమలునకు వచ్చినవి. పెట్టె విప్పి లోన చేయి పెట్టుటకు వీలున్నదా, బొమ్మ ప్రయాణించు దారిలో దొంగకు దొరకునా, అనుమతి లేనివాడు లోపలికి రాగలడా యని ప్రయోగశాలలో పరీక్షించి గాని అమ్మనీయరు. మంచిదే. కాని తాళము ఎంత గట్టిదైనను చెవిని గుమ్మముమీద పెట్టి పోయినచో ఫలమేమి? కర్మాగారమున పెట్టిన పాస్‌వర్డును మార్చకయే పని ముగించువారు కొందరు. తాము బిగించిన ఇండ్లన్నిటికిని జ్ఞాపకముండుటకై ఒక్కటే పెట్టువారు కొందరు. మరమ్మతునకు సులభముగా నుండునని తమ ఫోనులోనే యజమాని ఖాతాను తెరచి యుంచుకొనువారును కలరు. వీరందరు దుర్మార్గులని మేమనము. చాలమందికి ఇది తప్పని చెప్పినవారే లేరు.

దీని ఫలము ఎట్లుండునో లోకము చూచియున్నది. 2016లో మిరాయ్ అను దుష్టక్రమణిక, మార్పని పాస్‌వర్డులుగల కెమేరాలను, రికార్డరులను వేలకొలది వశపరచుకొనినది. ఆ సంవత్సరము అక్టోబరు 21వ తేదీని అమెరికాలో పెద్దపెద్ద ఇంటర్నెట్టుసేవలు గంటలకొలది స్తంభించుటకు అదియే కారణము. అది దూరదేశపు మాట యందురేమో. 2025 ఫిబ్రవరిలో మన గుజరాతులోని రాజకోటలో ఒక ప్రసూతి ఆసుపత్రియందు వైద్యపరీక్షకు వచ్చిన స్త్రీల చిత్రములు అంగడిసరకువలె ఇంటర్నెట్టులోనికి వచ్చినవి. అచ్చట ఆ కెమేరాను ఆ గదిలో పెట్టుమన్నవాడెవడు? పెట్టుమన్నను, ఇది తగదని చెప్పవలసిన పనివాడు ఏల చెప్పలేదు? పరుల ఆంతరంగికచిత్రములు తీయుటకు సమాచార సాంకేతికచట్టపు 66ఈ సెక్షను మూడేండ్లవరకు జైలును విధించుచున్నది. 2023వ సంవత్సరపు న్యాయసంహితలోని 77వ సెక్షనును కలదు. ఇవి యన్నియు మానము పోయినతరువాతి శిక్షలు.

న్యాయస్థానములలో మేము చూచుచున్న సంగతి మరియొకటి కలదు. ఒక వర్తకుని కొట్టులో రాత్రివేళ దొంగలు పడిరి. కెమేరా పనిచేసినది, ముఖములు స్పష్టముగానే వచ్చినవి. కాని బిగించిననాడు గడియారము సరిచేయు ఓపిక పనివానికి లేకపోయినది. చిత్రముపై పడిన తేదీ ప్రకారము ఆ దొంగతనము రెండేండ్ల క్రిందట, మిట్టమధ్యాహ్నము, కటికచీకటిలో జరిగినది! ముద్దాయిపక్షపు వకీలునకు ఇంతకన్న కావలసినదేమి? ఆ వకీలు మేము కాకపోయినందుకు సంతోషించితిమి. అయినచో మేమును ఆ ప్రశ్నయే అడిగియుందుము.

2020 జులైలో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు, అసలు యంత్రమునే తెచ్చి చూపనపుడు ధ్రువపత్రము తప్పనిసరి యని నిర్ణయించిరి. 1-7-2024 నుండి అమలులోనున్న సాక్ష్య అధినియమపు 63వ సెక్షను ఇంకొక మెట్టు ఎక్కి, ఆ పత్రమున ఒక భాగమును కక్షిదారుడును, రెండవ భాగమును నిపుణుడును వ్రాయవలెనని విధించినది. చిత్రము మారలేదని చూపు హాష్ సంఖ్యను అందు చేర్చవలెను. చిన్నపట్టణపు వర్తకుడు ఈ సంగతులు ఎవరి నడుగును? బిగించిపోయినవానినే. వానికి హాష్ అను మాటయే క్రొత్త. వేలకువేలు పోసి కొన్న కెమేరా ఆపద వచ్చిననాడు నోరులేని సాక్షియగుచున్నది.

ప్రభుత్వమునకు ఇందు బాధ్యత లేదనుటకు వీలులేదు. 2013వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతాచట్టము, జనసమ్మర్దముగల స్థలములలో కెమేరాలు పెట్టి 30 దినముల చిత్రములను దాచవలెనని శాసించినది. పెట్టుమని నిర్బంధించినవారు, పెట్టువాడెట్టివాడో చూడకుండుట న్యాయమా?

ఇతరదేశములు తలకొక దారిని పోయినవి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రపు శాసనమున అలారమను మాటకిచ్చిన అర్థములోనే చిత్రములను దాచు కెమేరాయు చేరియున్నది. ఆ పనిచేయు సంస్థకు లైసెన్సు కావలెను. కాలిఫోర్నియాలో ఇది కంట్రాక్టరుల బోర్డువారి సీ-7 తరగతి పని; లైసెన్సు కోరువానికి నాలుగేండ్ల అనుభవ ముండవలెను. ఇంగ్లండులో 2001వ సంవత్సరపు చట్టముక్రింద, బహిరంగస్థలపు కెమేరాల ముందు కూర్చుండి కంట్రాక్టుపై కనిపెట్టువానికి లైసెన్సు కలదుగాని, బిగించువానికి లేదు. అనగా అచ్చటివారు కంటిని నిలుపు చేతికన్న, కంటివెనుక కూర్చున్నవానినిగూర్చి ఎక్కువ భయపడిరి. ఆ భయము మనకును ఉండదగినదే.

లైసెన్సు అనగానే మన పాఠకులు ముఖము చిట్లింతురని మేమెరుగుదుము. మేమును చిట్లింతుము. ఈ దేశమున లైసెన్సు అను మాటకు మేజాక్రింద చేయి అను అర్థము చిరకాలమునుండి యున్నది. పది చదివియో పాలిటెక్నిక్కు చదివియో, ఒక నిచ్చెన, ఒక డ్రిల్లింగు యంత్రము, ఒక మోటారుసైకిలు సంపాదించి కుటుంబమును పోషించుకొనుచున్న యువకులు మన జిల్లాలలో వేలకొలది కలరు. వారిపై 25,000 రూపాయల రుసుము వేసినచో పని హైదరాబాదు కంపెనీలపాలగును. మన పిల్లలు వారిక్రింద కూలికి పోదురు. అట్టి లైసెన్సు మాకు వలదు. పోలీసుశాఖవారు ఇచ్చు లైసెన్సు అంతకన్నను వలదు. వీధివీధిని కెమేరాలు పెట్టించుచు వాని చిత్రములు కోరువారే, పెట్టువాని జీవనోపాధిని చేతిలో నుంచుకొన్నచో, ఏ పనివాడు వారి మాట కాదనగలడు? ఇంటియజమానికి తెలియకయే ఒక తీగ ఠాణావైపు సాగదని ఎవరు హామీ ఇత్తురు? ఆంతరంగికజీవనము ప్రాథమికహక్కని 2017లో పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పినది మరువరాదు.

మన యింట మనమెరిగిన మాదిరియే కలదు. కరెంటుతీగ లాగు వైర్‌మన్ పరీక్షకు కూర్చుండి రాష్ట్రపు విద్యుత్ లైసెన్సింగు బోర్డువారివలన పర్మిట్టు పొందుచున్నాడు. కెమేరా పనికిని అట్టిది చాలును. ఐ.టీ.ఐ.లలో కొలదిదినముల పాఠము, తెలుగున పరీక్ష, కొన్నివందల రూపాయలకు మించని రుసుము, గడువులోపల కారణము చెప్పక నిరాకరింపరాదను నిబంధన - ఇంతకన్న నేమియు కోరము. ఇప్పటికే పనిలోనున్నవారికి రెండేండ్ల వ్యవధి యీయవలెను. తన యింటికి తానే కెమేరా పెట్టుకొనువాని జోలికి పోరాదు. పర్మిట్టు పొందినవాడు తన సంఖ్యను రసీదుపై వ్రాయవలెను. పాస్‌వర్డును యజమానిచేతనే మార్పించి, తనవద్ద మారుచెవి లేదని సంతకము చేయవలెను. పొరుగింటి కిటికీకిగాని, స్నానపుగది త్రోవకుగాని, వైద్యుని పరీక్షగదికిగాని కెమేరా త్రిప్పుమన్నచో నిరాకరించుటకు వానికి శాసనపు అండ కావలెను. నేడు నిరాకరించినవాడు కూలి పోగొట్టుకొనును, అంతే.

2023వ సంవత్సరపు వ్యక్తిగత సమాచారరక్షణచట్టముతో అంతయు సరిపోవునని కొందరనుచున్నారు. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యబాధ్యతలకు 18 నెలల గడువు పెట్టిరి. పైగా సొంతయింటి అవసరమునకు చేయుపనులు ఆ చట్టమున కందవు. అది సమాచారమును ఉంచుకొన్న సంస్థను ప్రశ్నించునుగాని, నిచ్చెన యెక్కినవానికి పాఠము చెప్పదు.

రెండు తెలుగురాష్ట్రముల శాసనసభ్యులలో ఎవరైనను ఈ విషయమున బిల్లు తెత్తురేని, అది ఏ శాఖచేతిలో పడుచున్నదో మొదట చూతుము. అంతవరకు మా పాఠకులు, పనివాడు నిచ్చెన మడవకముందే వానిని కూర్చుండబెట్టి, పాస్‌వర్డును తమ చేతితోనే మార్చుకొని, గడియారమును తమ చేతిగడియారముతో సరిచూచుకొని, పిమ్మట డబ్బు చెల్లింతురు గాక.