ఎయిడెడ్ మిషన్ బడి మూతపడితే పిల్లల పరిస్థితి ఏంటి? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి ఇవీ

డోర్నకల్ అనగానే రైల్వే జంక్షన్‌తోపాటు కెథడ్రల్ గుర్తొస్తుంది. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్. చర్చి పక్కనే బడి పెట్టడం అప్పటి మిషన్ల పద్ధతి. తెలుగు ప్రాంతాల్లో క్యాథలిక్ ఆర్‌సీఎం బడులూ అలాగే వచ్చాయి. ఎన్నో దళిత కుటుంబాల్లో తొలితరం అక్షరాలు దిద్దింది ఇలాంటి బడుల్లోనే. వీటిలో చాలావాటికి తర్వాత ప్రభుత్వ గ్రాంట్ వచ్చింది. అవే ఎయిడెడ్ స్కూళ్లు. ఇప్పుడు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయి.

ఎందుకు మూతపడుతున్నాయి?

ఎయిడెడ్ టీచర్ల జీతం ప్రభుత్వం ఇస్తుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పోస్టుల భర్తీని ఆపేసింది. రిటైరైన టీచర్ల స్థానంలో కొత్తవారిని పెట్టుకుంటే జీతం యాజమాన్యమే భరించాలి. పేద పిల్లల దగ్గర ఫీజు వసూలు చేయలేరు. టీచర్లు తగ్గితే పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గితే బడి నడపడమే కష్టమవుతుంది.

ఏపీలో 2021లో ఏం జరిగింది?

ఆ ఏడాది ఆగస్టులో ప్రభుత్వం యాజమాన్యాల ముందు రెండు దారులు పెట్టింది. ఆస్తులతో సహా సంస్థను అప్పగించడం ఒకటి. సిబ్బందిని మాత్రమే అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవడం రెండోది. రెండో దారిలో ఫీజులు పెరుగుతాయి, మధ్యాహ్న భోజనం ఆగిపోతుంది. విశాఖ జ్ఞానాపురంలో క్యాథలిక్ బడుల పిల్లల తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరు 8న అనంతపురం ఎస్ఎస్‌బీఎన్ కాలేజీ దగ్గర విద్యార్థులపై లాఠీచార్జి జరిగింది. నాలుగు రోజులకే ప్రభుత్వం మెమో ఇచ్చింది. ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని చెప్పింది.

మైనారిటీ హక్కు కాపాడుతుందా?

కొంతవరకే. రాజ్యాంగం 30వ అధికరణం బడి స్థాపించే, నడిపే హక్కు ఇస్తుంది. మైనారిటీ సంస్థ అన్న కారణంతో సాయంలో వివక్ష చూపకూడదు. అయితే గ్రాంట్ పొందడం ప్రాథమిక హక్కు కాదని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

పిల్లలకు ఉన్న రక్షణ ఏంటి?

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్లవారికి వర్తిస్తుంది. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి అడ్మిషన్ ఆపకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. 9, 10 తరగతులకు ఈ హామీ లేదు. అసలు చిక్కు అక్కడే. బడి దూరమైతే ముందుగా చదువు ఆగేది ఆడపిల్లలదే.

ఇప్పుడేం చేయాలి?

- మూసివేత మాట వినగానే ఎంఈఓ, డీఈఓలకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.
- టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, యూడైస్‌లోని పెన్ నంబరు బడి తెరిచి ఉండగానే తీసుకోండి.
- పదో తరగతి పిల్లల పరీక్ష ఏ స్కూలు తరఫున నమోదవుతుందో అడగండి.
- కొత్త బడిలో మీడియం, బస్సు, భోజనం సంగతి ముందే కనుక్కోండి.
- ఒక్కొక్కరుగా కాకుండా తల్లిదండ్రులంతా కలిసి వెళ్లండి. 2021లో నిర్ణయం మారింది అలాగే.